పలుకులుగా పగలని అద్దం

పోయిన వారం మీరు నన్ను గుంటూరు ఆస్పత్రి వరండాలో, అంతమంది మధ్య వేలెత్తి అరుస్తుండగా వదిలేశారు. అక్కడినుంచే అందుకుంటాను. రామచంద్రమూర్తి మాస్టారి కొత్తింట్లో మేం బిగించిన అద్దాల తలుపు పగిలి, ఆయన మనవరాలు ఆశ్రిత కుడిచెయ్యి మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. పిల్ల తండ్రి సాయిరాం నా మొహం మీదే, "మామూలు అద్దం పెట్టి టఫెన్ గ్లాసని అంటగట్టారు" అన్నాడు. పడి ఊరుకునే ఘటమా ఇది? "మా ఆయన పెట్టింది టఫెన్ గ్లాసు కాకపోతే, అల్లా మీద ఒట్టు, పర్చూరులో నా షాపుకి నేనే తాళం వేసి రోడ్డు మీద నిలబడతా!" అని అరిచాను. నర్సులు బయటికొచ్చి చూశారు. సాయిరాం మొహం తిప్పుకుని పిల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. గెలిచాననుకుని ఇంటికొచ్చాను.

ఈ టఫెన్ గ్లాసు సంగతి తెలియని వాళ్ళకి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. మామూలు అద్దాన్ని కొలిమిలో కాల్చి, ఒక్కసారిగా చల్లారిస్తే అది మొండికెత్తుతుంది. గుద్దినా పగలదు. ఖర్మకాలి పగిలిందా, పటికబెల్లం పలుకుల్లా రాలుతుందే తప్ప కత్తుల్లా విరగదు. అందుకే మనుషులు తిరిగే తలుపులకి అదే పెట్టాలి. కాకపోతే కాల్చాక దాన్ని వెంట్రుకవాసి కూడా కొయ్యలేం. కాలిన కుండని మళ్ళీ సారె మీద పెట్టలేం కదా, అదే లెక్క.

సోమవారం పొద్దున్నే మాస్టారింటికి బయల్దేరాను. ఫ్రేములో ఇరుక్కున్న పలుకులేవైనా ఉంటే దులిపేసి, ఆ ఖాళీకి కొలత తీసుకొస్తే ప్లైవుడ్ అయినా బిగించవచ్చని. మా ఆయన హయాత్‌ని రమ్మంటే నడుం పట్టేసిందన్నాడు. "పిల్ల ఆస్పత్రిలో ఉంటే నీకు నడుం నొప్పా?" అని నాలుగు తగిలించి స్కూటీ ఎక్కాను. పాపం, మనసు బాగాలేదేమోలే అని కూడా దారిలో అనుకున్నాను.

మాస్టారు మొదటి బస్సుకే గుంటూరు నుంచి వచ్చారట. ఒంటిమీద నిన్నటి చొక్కానే ఉంది. హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పినప్పుడు ఆ చొక్కా మీద సుద్దపొడి కూడా ఉండనిచ్చేవారు కాదు. ఇప్పుడు చేతి అంచున మనవరాలి రక్తం ఎండి నల్లబడింది. ఆయన దాన్ని గమనించినట్టే లేదు.

"రామ్మా సిద్దికా, కాఫీ కలుపుతాను. మీ అమ్మగారు పిల్ల దగ్గరే ఉండిపోయింది" అన్నారు. అమ్మగారంటే ఆయన భార్య జ్ఞానప్రసూనాంబగారు.

"కాఫీ వద్దు మాస్టారూ. ఆశ్రిత ఎలా ఉంది?"

"రాత్రే ఆపరేషన్ చేశారు. నరాలేవో అతికించారట. ఉంగరం వేలూ, చిటికెన వేలూ కదలటం లేదు. కట్టు విప్పితే గానీ చెప్పలేమన్నారు." ఆయన నాకు కుర్చీ జరిపారు. "మా అల్లుడు నిన్ను నానా మాటలూ అన్నాడు. మనసులో పెట్టుకోకు. తండ్రి కదమ్మా. నేను అతనికి గట్టిగానే చెప్పాను. ఆ పిల్ల నా దగ్గర చదువుకుంది, తన్నులైనా తింటుంది గానీ అబద్ధం ఆడదు, నోరు పెద్దదే గానీ మాట ఒక్కటే అన్నాను."

నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. నిజం చెబుతున్నాను, అంత బాధలోనూ సంబరమే అయింది. ఆ సంబరంతోనే హాల్లోకి నడిచాను.

తలుపు ఫ్రేము వైపు చూశాను. చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను.

ఫ్రేము కింది మూలలో గాజు నిలబడి ఉంది. పలుకులు కాదు. జానెడు వెడల్పున మొదలై, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడి, సూదిమొనతో ఆగిన ముక్క. టఫెన్ గ్లాసు పగిలాక ఫ్రేములో అలాంటి ముక్క నిలబడటం నేనింతవరకూ చూడలేదు. నిలబడదు. పగిలితే మొత్తం జలజలా రాలిపోవాల్సిందే.

"ఊడ్చిన ముక్కలన్నీ ఎక్కడ మాస్టారూ?" అన్నాను. 

"పనమ్మాయి ఆ మూల గోతంలో పోసింది. మిరపకాయల గోతం, ముక్కు జాగ్రత్త."

మూతి విప్పగానే ఘాటు కొట్టింది. తుమ్మొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. గ్లవుజు వేసుకున్న చెయ్యి లోపల పెట్టి ఒక ముక్క తీశాను. నా మోచెయ్యంత పొడుగుంది. ఇంకోటి తీశాను. కొడవలిలా వంపు తిరిగి ఉంది. గోతం గోతమంతా అలాంటివే. ఒక్క పలుకు లేదు, వెతికినా లేదు.

మామూలు అద్దం. కిటికీకి వేసే మామూలు అద్దం!

అక్కడే నేల మీద కూలబడ్డాను. కంపెనీ మోసం చేసిందా? విజయవాడ వాళ్ళు పంపిందే ఇలాంటిదా? అలా అనుకుంటే కొంచెం ఊపిరాడింది. ఫ్యాక్టరీ ముద్ర ఉంటుందిగా, మూలన వేస్తారుగా, చూద్దాం అని గోతం తిరగేశాను. మూల ముక్క దొరికింది. ముద్ర ఉంది.

కానీ అది ఫ్యాక్టరీ ముద్ర కాదు. ఫ్యాక్టరీది అద్దంతోపాటే కాలుతుంది, వేలితో రాస్తే నున్నగా తగులుతుంది. ఇది గరుగ్గా, పాల మీగడలా తెల్లగా ఉంది. పూజగది తలుపుల మీద శంఖుచక్రాలూ కలశాలూ నేనే తీస్తాను, అద్దాన్ని తినే క్రీము ఒకటుంది దాంతో. ఈ ముద్రదీ అచ్చం అదే తీరు. ఆ క్రీము డబ్బా పర్చూరు మొత్తానికి మా షెడ్డులోనే ఉంది. దాన్ని ముట్టుకునేది ఇద్దరమే. నేనూ, హయాతూ.

"ఏమ్మా, చెయ్యి తెగిందా?" మాస్టారు కంగారుగా వంగారు.

"లేదు మాస్టారూ."

"మరేమిటలా అయిపోయావు? ఈ ముక్కలు ఇలాగే ఉంటాయా తల్లీ? అల్లుడు ఫోన్లో ఏదో వీడియో చూపించాడు. నాకేం అర్థం కాలేదు. నువ్వు చూశావుగా, నువ్వు చెప్పు."

పర్చూరులో ఎవర్నైనా అడగండి, సిద్దికాకి మాట తడుముకోవాల్సిన పని రాలేదంటారు. ఆ పూట వచ్చింది. ఆయన వంగి నా మొహంలోకి చూస్తున్నారు, నేను ఆ చొక్కా మీది రక్తం చూస్తున్నాను. చేతులు మాత్రం వాటంతట అవే గోతం మూతి బిగించి కట్టేశాయి.

"నేను పట్టుకెళ్తాను మాస్టారూ. ఇక్కడుంటే ఎవరికైనా గుచ్చుకుంటాయి" అన్నాను.

"సరేనమ్మా, నువ్వు చూసుకున్నావంటే చాలు" అన్నారాయన. ఆ మాటకి నన్ను చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

షెడ్డు చేరేసరికి మా అత్త రసూల్‌బీ గుమ్మం పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. హయాత్ లోపల ఒక కిటికీ అద్దం తుడుస్తున్నాడు. అది అప్పటికే తళతళా మెరుస్తోంది. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

గోతం బల్లమీద కుమ్మరించాను. మూల ముక్క తీసి అతని ముందు పెట్టాను.

"ఇదేంటి?"

చూశాడు. తల దించుకున్నాడు.

"నిన్నేనయ్యా అడిగేది! ఇదేంటి?"

"అద్దం."

"ఏం అద్దం?"

మళ్ళీ తుడిచే గుడ్డ అందుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక కొలత దాచిన మనిషి కాదు. పనివాడి తప్పుంటే తన మీద వేసుకునే రకం. వాళ్ళ నాన్న దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి పరుపులు కుట్టాడు, ఒక పిడికెడు దూది తగ్గించాడని ఎవరూ అనలేదు. ఆ ఇంటి బిడ్డ ఇతను. నాకు ఏదో ఒక సంజాయిషీ చెబుతాడని, అది విని నేను ఊపిరి పీల్చుకుంటానని ఎదురు చూశాను.

"టఫెన్‌దే వచ్చింది సిద్దికా. మూల తగిలింది" అన్నాడు చివరికి.

"ఎక్కడ?"

"మాస్టారింట్లోనే. గృహప్రవేశం ముందురోజు, సాయంత్రం. పనివాడూ నేనూ ఎత్తి పెడుతున్నాం. కింద చెక్కముక్కలు పెట్టుకోవాలి కదా, అవి ట్రాలీలో ఉన్నాయి. ఒక్క క్షణమేగా అని గ్రానైట్ మీదే ఆనించాను. మూల మీద ఆనింది. ఠప్పుమంది." రెండు చేతులూ చూసుకున్నాడు. "చేతుల్లో ఏమీ లేదు. అంతా పలుకులు."

మా పనిలో పిల్లకాయక్కూడా చెప్పే మొదటి మాట అది. టఫెన్ గ్లాసు నడిమధ్య సుత్తితో కొట్టినా ఓర్చుకుంటుంది, మూల మాత్రం రాతికి తగలనివ్వకూడదు. అందరికీ చెప్పేది ఇతనే. చెప్పినవాడే ఆనించాడు.

"తెల్లారితే ముహూర్తం. విజయవాడ నుంచి ఇంకోటి రావాలంటే వారం. మామూలుది కోసి బిగించాను. తర్వాత మార్చేద్దామనే..."

"మరి ముద్ర ఎందుకేశావు? తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నాట్ట! మార్చేసేదానికి ముద్రెందుకయ్యా?"

"మూలన ముద్ర లేకపోతే నువ్వు పట్టేస్తావని."

నా దగ్గర దాచడానికి వేశాడు! మాస్టారి దగ్గర కాదు, సాయిరాం దగ్గర కాదు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా! పగిలిందే, ఇలా అయిందే అని! నేనే వెళ్ళి మాస్టారి కాళ్ళు పట్టుకుని, తలుపు లేకుండానే పాలు పొంగించుకోండి అనేదాన్ని. ఆయన కాదనేవారా?"

"చెబితే నువ్వేం చేసేదానివో నీకు తెలీదా?" ఆ మాట అన్నది హయాత్ కాదు. గుమ్మంలోంచి మా అత్త. చేతిలో తొడిమ అలాగే ఉంది. "పర్చూరంతా వినపడేటట్టు వాడి పరువు తీసేదానివి. మొన్న ఎండాకాలం ఒక కిటికీ రెక్క చిట్లితే, పనోళ్ళ ముందర వాణ్ణి ఏమన్నావో గుర్తుందా? చేతకాని దద్దమ్మన్నావు. వాడు ఆ పూట కంచం ముందు కూర్చుని లేచిపోయాడు."

"నీకు తెలుసా అత్తా? ఈ అద్దం సంగతి నీకు ముందే తెలుసా?"

అత్త మిరపకాయల వైపు చూసింది. తెలుసన్నమాట. ఇంట్లో అందరికీ తెలుసు, ఊరి మీద పడి ఒట్లు వేసే నాకు తప్ప.

"మార్చేద్దామనుకున్నానే అమ్మతోడు" అన్నాడు హయాత్. "గృహప్రవేశం రోజు నువ్వు వచ్చినవాళ్ళందర్నీ పిలిచి, మా ఆయన పనితనం చూడండి, అద్దం ఉందో లేదో తెలుస్తోందా అని మురిసిపోయావు. పనివాళ్ళ ముందు నన్ను పొగిడింది ఆ రోజే. ఇక ఎలా విప్పను? ఎందుకు విప్పుతున్నావంటే ఏం చెప్పను?"

"అయితే నా నోటికి భయపడి పిల్ల చెయ్యి కోశావా!"

అరిచాను. అతను బల్ల పట్టుకుని ఏడుస్తున్నాడు, మగాడు, శబ్దం లేకుండా. దగ్గరికి వెళ్ళాలనీ ఉంది, చెంప పగలగొట్టాలనీ ఉంది. ఏదీ చెయ్యలేక, చెయ్యి ఖాళీగా ఉంచలేక, క్రీము డబ్బా ఉండే అర లాగాను.

డబ్బా వెనక రేకు ముక్క ఉంది. ఆ ముద్ర అక్షరాలు కోసిన అచ్చు. ఇత్తడి రేకు, నున్నగా అంచులు అరగదీసి మరీ చేయించాడు. నేను శంఖుచక్రాలకి స్టిక్కరు కాగితం వాడతాను, ఒకసారి అతికించి, తీసి అవతల పారేస్తాను. ఒక్క తలుపు కోసం ఇత్తడి రేకు కోయించుకునే పిచ్చివాడు ఎవడుంటాడు?

"హయాత్."

పేరుపెట్టి పిలిచాను. మామూలుగా పిలవను. తలెత్తాడు.

"ఇంకెక్కడ పెట్టావు?"

"సిద్దికా..."

"ఇంకెక్కడ!"

"మొదటిసారి, మాస్టారింట్లో, భయపడుతూనే బిగించాను. ఎవరూ అడగలేదు. రెండోసారి ఫ్యాక్టరీ వాళ్ళు ఆలస్యం చేశారు, అవతల ప్రారంభోత్సవానికి పిలుపులు వెళ్ళిపోయాయి..." ఆగాడు. "మార్క్ సార్ బడి."

అత్త ఒళ్ళోంచి చాట జారి మిరపకాయలన్నీ నేల మీద పడ్డాయి.

మార్క్ సార్ ఇంకొల్లు రోడ్డులో చంటిపిల్లల కోసం పెట్టిన ప్లే స్కూలు అది. ఆడుకునే గదికి అద్దాల తలుపు. బయటినుంచే తల్లులు పిల్లల్ని చూసుకోవచ్చని సార్ ముచ్చటపడి చేయించుకున్నాడు. ఆ పిల్లలకి ఆ తలుపంటే ఆట. ప్రార్థన అవగానే పరుగెత్తుకొచ్చి రెండు అరచేతులతో దాన్ని చరిచి, అప్పుడు లోపలికి వెళ్తారు. నేనే చూసి నవ్వుకున్నాను, ఎంత చరిచినా ఏం కాదులే సార్, మాది టఫెన్ గ్లాసు అని.

గోడ గడియారం చూశాను. ప్రార్థన మొదలయ్యే వేళ. మార్క్ సార్‌కి ఫోన్ చేశాను, మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను, అంతే.

"ఎక్కు" అన్నాను హయాత్‌తో, స్కూటీ తీసి. నడుం నొప్పి మాటెత్తకుండా ఎక్కాడు.

ఇంకొల్లు రోడ్డు మలుపులో పత్తి ట్రాక్టరొకటి రోడ్డంతా నాదేనన్నట్టు వెళ్తోంది. హారన్ కొట్టాను, వినడే! "ఒరేయ్, జరగరా! పిల్లలు చచ్చిపోతార్రా!" అని గొంతు చించుకున్నాను. డ్రైవరు వెనక్కి చూసి, నా మొహంలో ఏం కనపడిందో, ట్రాక్టర్ని మట్టిలోకి దింపేశాడు.

బడి గేటు దగ్గర స్కూటీ స్టాండు కూడా వెయ్యలేదు, పడేసి పరుగెత్తాను. లోపల ప్రార్థన ఆఖరి మాటలు వినిపిస్తున్నాయి. ఆయమ్మ గంట కొట్టింది. బుల్లి బూట్లన్నీ ఒక్కసారిగా కదిలిన చప్పుడు. నేను వరండా మెట్లెక్కేసరికి, అందరికంటే ముందున్న బొద్దు పిల్ల ఒకతె రెండు చేతులూ చాచి తలుపు మీదికి వస్తోంది.

"ఆగు!"

పిల్లకీ తలుపుకీ మధ్యలో దూరిపోయాను. ఆ పిల్ల చేతులు వచ్చి నా పొట్టకి తగిలాయి. చేతులు బార్లా చాపి, తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. వెనక్కి ఆనకుండా, నా వీపు కూడా దానికి తగలకుండా.

"ఎవరూ రావద్దు! వెనక్కి పొండి, అందరూ వెనక్కి!"

పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. దిగబెట్టడానికి వచ్చిన తల్లులు మూగిపోయారు. మార్క్ సార్ పరుగున వచ్చాడు, చేతిలో ఇంకా ప్రార్థన పుస్తకం ఉంది.

"సిద్దికాగారూ! ఏమైందండీ? పిల్లలు భయపడుతున్నారు, జరగండి."

"జరగను సార్. పిల్లల్ని వెనక తలుపు నుంచి తీసుకెళ్ళండి. ఈ తలుపు..."

"ఈ తలుపుకేమైంది? మీదే కదండీ! ఏనుగు గుద్దినా పగలదని మీరేగా చెప్పారు?" ఒక తల్లి వైపు తిరిగి నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది, అటువైపు గేటు దగ్గర నిలబడ్డ హయాత్‌ని చూసి. అతను లోపలికి రావటం లేదు. గేటు ఊచలు పట్టుకుని అక్కడే ఉన్నాడు.

అప్పుడే నా ఫోన్ మోగింది. మాస్టారు. ఆశ్రితకి ఏమైందోనని, ఒక చెయ్యి తలుపుకి అడ్డంగా ఉంచే రెండో చేత్తో ఎత్తాను.

"అమ్మాయ్, కంగారుపడకు" అన్నారు మాస్టారు. "సాయిరాం ఫోన్లో ఫిర్యాదు చేశాట్ట, స్టేషన్ నుంచి మనిషి వచ్చాడు. గాజు ముక్కలేవీ అని అడుగుతున్నాడు. సిద్దికా స్వయంగా చూసింది, టఫెన్ గ్లాసేనని చూసుకునే పట్టుకెళ్ళింది అని చెప్పాను. అద్దంలో లోపం లేదు, మా మనవరాలే దూకుడుగా వచ్చి గుద్దుకుంది, తప్పు మా పిల్లదే అని రాయించాను. అంతే కదమ్మా?"

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"వింటున్నావా తల్లీ? సంతకం ఒక్కటే మిగిలింది. పెట్టాక ఇక నిన్నెవరూ ఏమీ అనలేరు."

మార్క్ సార్, తల్లులు, ఆయమ్మ, ఆ బొద్దు పిల్ల, గేటు అవతల నా మొగుడు, అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు నోరు తెరవాలంటే భయమేసింది.

"పెట్టెయ్యమంటావా సిద్దికా?"